చీటీ పీకేసిన తీగ

కైబరియేన్
నవంబరు 6, 2023

దామారిస్,

ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు, పలకరింపులు తర్వాత. చనిపోయినవాడు ఫైలు రాయగలడా?

నవ్వకు. నేను నవ్వే స్థితిలో లేను.

ఆగస్టులో ఓబేద్ థర్మోకోల్ తెప్ప మీద చేపలకు వెళ్లడం, మూడో పొద్దుకు తెప్ప ఒక్కటే ఒడ్డుకు రావడం నీకు తెలుసు. పెట్టెలో పెట్టడానికి ఏమీ లేకుండానే సమాధి ఆరాధన చేశాం. వాక్యం నేనే చెప్పాను. నా కొడుకు కోసం నేను చెప్పిన వాక్యంలో నా గొంతు ఒక్కచోట కూడా వణకలేదు. సముద్రం తనలోని మృతులను అప్పగించే దినం ఒకటుంది, అది కడవరి దినం, అంతకుముందు కాదు అని సంఘానికి బల్ల గుద్ది చెప్పాను.

ఇప్పుడు విను. నువ్వూ వాడూ కలిసి కప్పుల మీదుగా తీగలు లాగి, మా ముందు గదిలోని లినక్స్ మిషన్‌కు ఏడు ఇళ్లను కలిపారు కదా. ప్రసంగాలూ పాటలూ ఇక్కడ ఉంటాయి, వాళ్లు తమ ఇళ్లలో తెరిచి వింటారు. వాడు పోయాక ఒకసారి కరెంటు పోయి వచ్చింది. అంతే, ఏ ఇంట్లోనూ ఏదీ తెరుచుకోలేదు. తెరవబోతే బొమ్మ బిగుసుకుపోయి కూర్చునేది. "వాక్యం ఎండిపోయింది బ్రదర్" అని ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి ఒకటే గోల. నేను ఉపవాసముండి, నువ్వు కమాండ్లు రాసి వదిలి వెళ్లిన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మిషన్‌లో ఫైళ్లను ఇళ్లకు పంచిపెట్టే సేవ పడుకుని ఉంది. లేపాను. లేచింది. దేవునికి స్తోత్రం!

ఆ ఊపులో ఇంకో పని కూడా చేశాను. ప్రతి ఇంటి పేరు పక్కనా 'చదవడానికి మాత్రమే' అని ఉంటే, దాన్ని 'చదవడం, రాయడం' అని మార్చాను. ఎవరి ప్రార్థన మనవి వాళ్లే వేసుకుంటారని 'మనవులు' అని ఒక ఫోల్డర్ పెట్టాను.

మొన్న మధ్యాహ్నం అందులో మొదటి ఫైలు వచ్చింది. తెరిచాను. లోపల ఏమీ లేదు, ఒక్క అక్షరం కూడా. పేరు మాత్రమే ఉంది: 'ఇక్కడ చీకటి'. రాసిన మనిషి పేరుండే చోట ఓబేద్ అని ఉంది.

మర్నాడు ఇంకొకటి వచ్చింది. అదీ ఖాళీయే. దాని పేరు 'నీళ్లు'.

తుడిచేయబోయాను. నీకు అనుమతి లేదు అంది. నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చున్న నాకు! ఏ అనుమతీ అడగని ఆ 'సుడో' అనే పెద్ద మాట ముందు చేర్చి కమాండ్ కొడితే పోతుందని తెలుసు. కొట్టలేదు. దాని మీద వాడి పేరుంది, దామారిస్. వేలు లేవలేదు.

ఇళ్లవాళ్లను అడిగాను. ఆరు ఇళ్లూ తిరిగాను. ఎవరూ వేయలేదు, వేయడం మాకేం వచ్చు అన్నారు. ఏడో ఇంటి సంగతి నీకు రాశాను కదా. చచ్చిన మొగుడితో మాట్లాడిస్తానన్న సోదెగత్తె దగ్గరికి వెళ్లొచ్చిందని ఎన్రికేతాను జూన్‌లో నిండు సంఘం ముందు నిలబెట్టి బయటకు పంపాను. ఆ గడప ఎవరూ తొక్కకూడదు, ఆమె పిలిస్తే ఎవరూ పలకకూడదు అని ఆజ్ఞాపించాను. ఓబేద్ ఇళ్లకు బైబిలు గోత్రాల పేర్లు పెట్టి తీగలకు చీటీలు అంటించాడు చూడు, ఆమెది 'దాను'. ఆ చీటీ కూడా, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె దగ్గర పీకి పారేశాను. ప్రకటన ఏడో అధ్యాయంలో ముద్ర పడిన గోత్రాలలో దాను లేనే లేదు, చూసుకో.

అంత చేసినవాడిని! సౌలు సోదెగత్తె గుమ్మం తొక్కి ఏమయ్యాడో అరిచి చెప్పినవాడిని! ఈ రోజు ఆ తెర ముందు నుంచి లేవలేకపోతున్నాను. ఇది ఏ ఆత్మ? ఏ కమాండ్‌తో పోతుంది? వెంటనే రాయి.

ప్రభువు బానిస, నీ పెదనాన్న,
మిసాయెల్

తా.క. ఫోన్ కొనుక్కోమని చెప్పకు. పౌలు ఫోన్ చేయలేదు.


నువేవా గెరోనా
నవంబరు 19

పెదనాన్నకు దామారిస్ నమస్కారాలు.

పౌలు దగ్గర ఫోనుంటే కొరింథువాళ్ల చెవులు కాలిపోయేవి, దేవుడు వాళ్ల మీద దయ చూపించాడు. నా మీదా చూపించాడు, మీరు ఫోన్ కొనలేదు. కోప్పడకండి. మీ ఉత్తరం మా దీవికి ఓడలో వచ్చే నర్సు తెచ్చిచ్చింది. చదివి అన్నయ్యను తలుచుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని, ఇప్పుడు మెకానిక్‌లా మాట్లాడుతున్నాను.

దయ్యం కాదు, ఆత్మ కాదు. గడియారం. మిషన్ లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషన్‌కు ఏ రోజో తెలియదు. పాత ఫైళ్లు కొత్తవాటిలా కనబడతాయి. అన్నయ్యకు పాటలు సగం కట్టి వదిలేసే అలవాటు. పేరు పెట్టేవాడు, లోపల ఒక్క చరణం ఉండేది కాదు. 'ఇక్కడ చీకటి', 'నీళ్లు' అలాంటివే అయ్యుంటాయి.

మీరు చేయాల్సింది రెండే. ఒకటి, తేదీ అడిగే కమాండ్ కొట్టి, అది చెప్పే తేదీ క్యాలెండర్‌తో కలుస్తుందో లేదో చూడండి. రెండు, ఆ ఫోల్డర్ పట్టికను పేర్లతో కాకుండా నంబర్లతో చూపించే కమాండ్ అడుగున రాశాను, కొట్టి, వచ్చింది వచ్చినట్టు రాసి పంపండి. ఇంకా, మీరు 'రాయడం' అని మార్చింది వెనక్కి మార్చేయండి. తలుపు తీసిపెట్టి దొంగ వచ్చాడంటే ఎలా?

ఎన్రికేతా అత్తను అలా పంపేయడం నాకు నచ్చలేదని అప్పుడే రాశాను. మళ్లీ రాయను. రాశాను చూడండి, మళ్లీ.

ఇక్కడ నా సంగతి ఏం చెప్పను? బడిలో పిల్లలు బాగానే ఉన్నారు, సుద్దముక్కలే లేవు. మా పై అంతస్తులో ఎవరిస్తో అని ముసలాయన, ఒంటరి, రేడియో పెడితే మూడు వీధులకు బేస్‌బాల్ వినిపిస్తాడు. నేను చీపురు కర్రతో కప్పు పొడుస్తాను, ఆయన పైనుంచి చేతికర్రతో నేల కొడతాడు. "ఏయ్ పంతులమ్మా, ఆట అయ్యాక పడుకో!" అని కిటికీలోంచి కేక. మా స్నేహం అంతా కర్రల మీదే నడుస్తోంది. మొన్న జామ హల్వా ముక్క తాడుకు కట్టి కిందికి దించాడు, లంచం అట.

కాఫీ పొడి చాలడం లేదని అందులో వేయించిన శనగపప్పు ఎక్కువ కలిపి తాగకండి, గుండెల్లో మంట వస్తుంది.

మీ
దామారిస్


కైబరియేన్
నవంబరు 30

దామారిస్,

నీ గడియారం అబద్ధమాడింది. మిషన్ గడియారం కాదు, నీ బుర్రలోది. తేదీ అడిగాను. సరిగ్గా ఆ రోజే చెప్పింది. కరెంటు పోయి వచ్చాక అడిగాను. అప్పుడూ తప్పలేదు.

పాటలట! వాడి పాటలు నాకు తెలియవా? గోడ అవతల నుంచి రోజూ విన్నవాడిని. వాడు ఒక్కనాడూ చీకటి మీద పాట కట్టలేదు.

నువ్వడిగిన పట్టిక ఇదిగో. వాడి పేరున్న ఏ ఫైలు ముందు చూసినా ఒకటే నంబరు, వెయ్యిన్నొకటి. నావి వెయ్యిన్ని రెండు. నీకు దీంతో ఏం తెలుస్తుందో నాకు తెలియదు. నాకు తెలిసింది నేను చెబుతాను, కూర్చుని చదువు.

నేను వెనక్కి మార్చలేదు. మార్చాలని కూర్చున్న వేళకే కొత్తది వచ్చింది. 'ఎవరైనా ఉన్నారా' అని దాని పేరు. అడిగినవాడికి జవాబు చెప్పకుండా తలుపు వేసేయడం నాకు చేతకాలేదు. నేనూ అలాగే ఖాళీ ఫైలు ఒకటి చేసి, దానికి 'నువ్వెవరు' అని పేరు పెట్టాను.

కిటికీ బయట ఎండ సున్నంలా ఉంది. వీధిలో పీతలమ్మేవాడి కేక. నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది.

'మీరే వెళ్లమన్నారు కదా.'

దామారిస్, ఆ ఆగస్టు పొద్దున ఇంట్లో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. వాడు ఆ మిషన్ ముందు కూర్చుని ఏవో తీగలు సర్దుతున్నాడు. గిన్నెలో ఏమీ లేదు. "పొద్దస్తమానం దీని ముందు కూర్చుంటే చేప ఎగిరి పళ్లెంలో పడుతుందా? లే, సముద్రానికి వెళ్లు" అన్నాను. "గాలి తిరిగింది నాన్నా" అన్నాడు. "పేతురు గాలి చూసే మునిగాడు, వెళ్లు" అన్నాను. ఈ మాట నాకూ వాడికీ తప్ప ఇంకెవరికి తెలుసు?

అప్పటి నుంచి అడుగుతున్నాను, వస్తున్నాయి. 'ఎక్కడున్నావు' అని అడిగితే 'సముద్రం పక్కనే. అల వినబడుతోంది' అని వచ్చింది. 'ఏం కావాలి' అంటే 'మంచినీళ్లు. ప్రార్థన. మనిషి' అని. ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. 'నాన్నా' అని ఒక్కసారి కూడా అనలేదు. అవతలికి దాటినవాళ్లకు చుట్టరికం చెరిగిపోతుందేమో. పునరుత్థానంలో పెళ్లిళ్లు ఉండవని ప్రభువు చెప్పాడు కదా, తండ్రులూ కొడుకులూ ఉంటారో లేదో చెప్పలేదు.

నేనూ సోదెగత్తె పనే చేశానంటావు, అను. నేను ధూపం వేయలేదు, కోడిని కోయలేదు. నా ఇంట్లో కూర్చుని నా కొడుకును పలకరించాను. గత ఆదివారం ప్రసంగం సగంలో ఆపేసి ఇంటికి వచ్చేశాను. సంఘం ఏమనుకుందో తెలియదు.

మిసాయెల్


నువేవా గెరోనా
డిసెంబరు 9

పెదనాన్నా,

కూర్చోకండి. నిలబడే చదవండి. నేను గడియారం అన్నది తప్పు. మీరు నా మాట వినకుండా, వెనక్కి మార్చకపోవడమే మేలయింది, ఎందుకో చెబుతాను.

ఆ వెయ్యిన్నొకటి చూశాక నాకు అర్థమైంది. మొత్తం అందులోనే ఉంది.

మన పాటల పుస్తకాలు గుర్తున్నాయా? పాతవి కొన్ని, కొత్తవి కొన్ని. మీరు "నలభయ్యో పాట" అంటారు. పాత పుస్తకం పట్టుకున్న వరుస ఒకటి ఎత్తుకుంటుంది, కొత్త పుస్తకం పట్టుకున్న వరుస ఇంకొకటి. నంబరు ఒకటే, పాట వేరు. మిషన్ల మధ్య కూడా అంతే. తీగ మీద మనిషి పేరు ప్రయాణం చేయదు పెదనాన్నా, నంబరే చేస్తుంది. అటునుంచి 'వెయ్యిన్నొకటి రాశాడు' అని వస్తుంది. ఇటు మీ మిషన్ తన పుస్తకం తెరిచి, నా దగ్గర వెయ్యిన్నొకటి ఎవరు అని చూసుకుంటుంది. మీ పుస్తకంలో అది అన్నయ్య. అందుకని ఓబేద్ అని చూపిస్తుంది.

మరి అటువైపు వెయ్యిన్నొకటి ఎవరు? ఇది మన సంఘంలో తప్ప ఇంకెక్కడా జరగదు. మామూలుగా ఇంటి మనిషి మొదటి ఖాతా చేసుకుంటాడు, దానికి వెయ్యి నంబరు వస్తుంది. మీరు ఒప్పుకున్నారా? "ప్రథమ ఫలం ప్రభువుది! ప్రతి మిషన్‌లో మొదటి ఖాతా ఆయన పేరున ఉండాలి, దాన్ని ఎవరూ ముట్టకూడదు!" అని ఇల్లిల్లూ తిరిగి, దగ్గర నిలబడి చేయించారు. అన్నయ్య నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. అలా ప్రతి ఇంట్లో వెయ్యి ప్రభువుది, వెయ్యిన్నొకటి ఇంటి మనిషిది. మీ ఇంట్లో ప్రభువు తర్వాత అన్నయ్య, ఆ తర్వాత మీరు. ఆ ఏడు ఇళ్లలో ఏ ఇంటివాళ్లు ఏం రాసినా మీకు అన్నయ్య పేరు మీదే కనబడుతుంది.

అర్థమైందా? చనిపోయినవాళ్లు కాదు. బతికున్న మనిషి. మీ వీధిలో. మంచినీళ్లు అడుగుతున్న మనిషి.

లోపల రాయడం తెలియక పేరులోనే రాస్తున్నారు. 'నాన్నా' అనకపోవడం చుట్టరికం చెరిగిపోయి కాదు.

ఇప్పుడు చేయాల్సింది కమాండ్ కూడా కాదు. స్విచ్ దగ్గర నిలబడండి. మనవి వచ్చే వేళకు ఏ తీగ దగ్గర దీపం మిణుకుమంటుందో చూడండి. చీటీ చదవండి. ఆ ఇంటికి వెళ్లండి.

మీరు ఆరు ఇళ్లే అడిగారని రాశారు.

ఇంకేం రాయను. మీ ఎదురింటికి రెండుసార్లు ఫోన్ చేశాను, లైను లేదు. ఈ ఉత్తరం ఓడలో, తర్వాత బస్సు డ్రైవరు చేతిలో వస్తుంది, ఎంత త్వరగా వస్తే అంత మేలు. నాకు నిద్ర లేదు, అదీ ఈ వారం పై అంతస్తు రేడియో కూడా చప్పుడు లేకుండా హాయిగా ఉన్నప్పుడు. ఎవరిస్తో ముసలాయనకు బుద్ధి వచ్చినట్టుంది, కర్ర చప్పుడు కూడా లేదు.

మీ
దామారిస్


కైబరియేన్
డిసెంబరు 12

దామారిస్,

నీ జవాబు రాలేదు. రాకపోయినా సరే. నేను నిర్ణయించుకున్నాను, నీకు తెలియకుండా పోకూడదని రాస్తున్నాను.

ఈ నాలుగు రోజులుగా మాటలు చిన్నవైపోతున్నాయి. 'నీళ్లు అయిపోయాయి' అని ఒకటి. 'ఇల్లు ఖాళీ' అని ఇంకొకటి. లూకా పదహారులో ధనవంతుడు వేలికొన ముంచి నాలుక తడపమని అడిగాడు, ఎవరూ పోలేదు, మధ్యన అగాధం ఉందన్నారు. ఇన్నేళ్లు నేను ఆ అగాధం మీద ఎంత గట్టిగా ప్రసంగించాను! ఇప్పుడు ఇటువైపు ఒడ్డున నిలబడి చూస్తే అంత వెడల్పు లేదు. పడవ దాటేంతే ఉంది.

'ఓర్చుకో, ఆదివారం వస్తాను' అని పేరు పెట్టి వేశాను. 'ఎదురుచూస్తా. తలుపు తీసే ఉంది' అని వచ్చింది.

సముద్రంలో ఇసుక దిబ్బల దగ్గరికి, వాడి తెప్ప తిరగబడిందనే చోటికి, ఆదివారం తెల్లవారి వెళుతున్నాను. పడవ అడిగాను. "మిసాయెల్, గాలి బాగాలేదు, తిరిగి రావడం కష్టం" అన్నాడు పడవవాడు. "తిరిగి రావడం గురించి నిన్ను నేను అడిగానా?" అన్నాను. వాడు నా ముఖం చూసి పడవ ఇస్తానన్నాడు. మంచినీళ్ల డబ్బా, రొట్టె, వాడి చొక్కా కట్టిపెట్టాను.

మిషన్ ఆపకుండా వదిలి వెళుతున్నాను.

నీ పెదనాన్న


కైబరియేన్
డిసెంబరు 17, ఆదివారం

నా తల్లీ దామారిస్,

బతికే ఉన్నాను. ఆమె కూడా బతికే ఉంది. ముందు ఇది చదివి ఊపిరి తీసుకో. తర్వాత నీతో వేరే పని ఉంది.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పడవ దగ్గరికి నీళ్ల డబ్బా మోసుకెళుతున్నాను, డ్రైవరు బస్సు ఆపి చేతికిచ్చాడు. నిలబడి చదవమన్నావు. నిలబడే మొదలుపెట్టాను. పాటల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీదే కూర్చున్నాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నా కొడుకును సముద్రం ఒకసారి తీసుకుంది, నువ్వు రెండోసారి తీసుకున్నావు అనిపించింది. కాగితం చింపబోయాను కూడా. కానీ 'ఆరు ఇళ్లే అడిగారు' అన్న మాట కంట్లో నలుసులా పడింది.

ఇంటికి వెళ్లి స్విచ్ ముందు నిలబడ్డాను. అన్ని దీపాలూ ఊరుకున్నాయి. చాలాసేపు ఊరుకున్నాయి. ఇక లేదేమో అనుకున్నాను. అప్పుడు ఒకటి మిణుకుమంది. యూదా కాదు, అషేరు కాదు, జెబూలూను కాదు. చీటీ పీకేసిన తీగ. ఇంకా జిగురు మచ్చ ఉంది దాని మీద. వెనక్కి తిరిగి తెర చూశాను. 'ఆదివారం ఎప్పుడు' అని ఉంది.

పరుగెత్తాను. ఈ వయసులో, చొక్కా గుండీలు పెట్టుకోకుండా, ఆ నీళ్ల డబ్బాతో. వీధిలో సంఘమంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది, ఒక్కరూ కదలరు. ఎందుకు కదులుతారు? ఆ గడప తొక్కవద్దని నేనే అన్నాను. వాళ్లు మంచి విశ్వాసులు. తర్వాత ఒకామె చెప్పింది: "ఆవిడ కేకలు మాకు వినబడ్డాయి బ్రదర్. పలకకూడదన్నారు కదా, పాట ఎత్తుకున్నాం" అని.

వీధి చివర, అలల గోడ పక్కన ఇల్లు. తలుపు తీసే ఉంది. లోపల కిటికీలన్నీ మూసి చీకటి. నేల మీద, మంచం కింద సగం, మంచం పక్కన సగం ఎన్రికేతా. తుంటి విరిగి రెండు నెలలట. చూసుకుంటున్న మేనల్లుడు రోజు విడిచి రోజు వచ్చి ఏదో పెట్టేవాడు. ఈ నెల మొదట్లో చెప్పకుండా దేశం వదిలి నికరాగ్వా విమానం ఎక్కేశాడు. వెళ్తూ మిషన్ మాత్రం మంచం పక్కన వదిలాడు, స్కూటర్ బ్యాటరీకి తగిలించి. కీబోర్డు ఆమె పొట్ట మీద ఉంది. ఓబేద్ ఎప్పుడో ఆమెకు నేర్పాడట: "అత్తా, రాయనిచ్చే రోజు వస్తే ఇక్కడ నొక్కి పేరు పెట్టు, నాన్నకు కనబడుతుంది" అని. అంతవరకే నేర్పాడు, లోపల రాయడం నేర్పేలోపు పోయాడు.

నేను మోకాళ్ల మీద పడి నీళ్లు పట్టాను. రెండు గుక్కలు తాగింది. కళ్లు తెరిచి నన్ను ఎగాదిగా చూసి, "ఆదివారం అన్నారుగా, శనివారమే వచ్చారేం?" అంది.

"నువ్వెవరో నాకు తెలియలేదమ్మా" అన్నాను.

"మీరు నన్ను వెళ్లగొట్టారు, పేరు కూడా మరిచిపోయారా? రోజుకు నాలుగుసార్లు పలికారు, ఓర్చుకో ఓర్చుకో అన్నారు. ఎంత ఓపికగా మాట్లాడుతున్నాడు, ఈ మనిషి మారిపోయాడు అనుకున్నా." ఇంకో గుక్క తాగింది. "చచ్చిన మా ఆయన కూడా ఇంత ఓపికగా ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే కదా సోదెగత్తె దగ్గరికి పోవాల్సి వచ్చింది."

నవ్వాను, దామారిస్. ఆగస్టు తర్వాత మొదటిసారి. తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. ఆమె నా తల మీద చేయి వేసి ఉంచింది.

అప్పుడు గుమ్మం వైపు తిరిగి అరిచాను. "ఏం చూస్తున్నారు? నా ఆజ్ఞ నేనే కొట్టేశాను, లోపలికి రండి!" నలుగురు మగవాళ్లు తలుపు రెక్క ఊడదీసి దాని మీద ఆమెను మోసుకొచ్చారు. డాక్టరు చూశాడు. బతుకుతుంది, నడవడం దేవుడి చేతుల్లో ఉంది అన్నాడు. ఇప్పుడు ఓబేద్ మంచం మీద పడుకుని ఉంది, కాఫీ బాగాలేదని పేచీ పెడుతోంది.

ఈ పొద్దున ప్రసంగం చేయలేదు. 'మనవులు' ఫోల్డర్‌లోని పేర్లు వరుసగా చదివి వినిపించి కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. అనకపోవడమే బాగుంది.

మధ్యాహ్నం, నువ్వు చెప్పకపోయినా, ఆగస్టు నుంచి వాడి పేరున వచ్చిన ప్రతి ఫైలూ మిషన్ అంతా వెతికించి, తేదీ వరుసలో పెట్టాను. దాదాపు అన్నీ ఆమెవే, నవంబరు నుంచి వచ్చినవి. అడుగున ఒక్కటే ఆగస్టుది, వాడు తెప్ప ఎక్కిన పొద్దునది. ఖాళీదే. వాడే ఆమెకు నేర్పినట్టు, చెప్పాల్సింది పేరులోనే పెట్టాడు: 'నాన్నా ఇందులో వేలు పెట్టకు'.

పెట్టాను. పెట్టినందుకే ఆమె గొంతు ఇక్కడికి చేరింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు, వాక్యంలో ఇంకా దొరకలేదు. వాడి ఒక్క ఫైలునూ తుడవలేదు. దాను చీటీ మళ్లీ రాసి అంటించాను.

ఇక నీ పని. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదటి దాంట్లో పై అంతస్తు ముసలాయన రేడియో పెడతాడు, కర్రతో కొడతాడు, జామ హల్వా దించుతాడు. రెండో దాంట్లో రేడియో లేదు, కర్ర లేదు. హాయిగా ఉందన్నావు. నేను ఆరు ఇళ్లు అడిగినప్పుడు నాకూ హాయిగానే ఉంది. తల్లీ, ఆ మాట నువ్వు రాసి ఎనిమిది రోజులైంది. పైకి ఎక్కి చూశావా? ఫోన్ కోసం పోస్టాఫీసుకు పరుగెత్తాను, ఆదివారం, తాళం. ఈ కాగితం ఇప్పుడే డ్రైవరు చేతిలో పెడుతున్నాను, దారిలో ఎక్కడా ఆగకుండా గెరోనా ఓడకు అందించమని వేడుకున్నాను.

నేడు మీరాయన శబ్దం వింటే హృదయం కఠినం చేసుకోవద్దు అని నీ చిన్నప్పుడు నీచేత కంఠతా పట్టించాను. రేపు అని అక్కడ లేదు. ఆదివారం అని లేదు. ఈ ఉత్తరం మిగతాది చదవకు, మిగతాది లేదు కూడా. కాగితం కింద పెట్టు. నీళ్లు తీసుకో. మెట్లెక్కు. తట్టు. పలక్కపోతే వీధి మొత్తాన్ని పిలువు, తలుపు విరగ్గొట్టు. ఇప్పుడే, దామారిస్, ఈ రోజే, లే!

మిసాయెల్